స్కూల్లో కంప్యూటర్ సైన్స్, కోడింగ్: టీచర్లూ పేరెంట్సూ తరచుగా అడిగే ప్రశ్నలు

మళ్ళీ మళ్ళీ వచ్చే డౌట్లన్నీ ఒకచోట పెట్టాం. కొన్నిటికి జవాబు రెండు ముక్కల్లో తేలిపోతుంది, కొన్నిటికి బాగా సాగింది, కావాల్సింది చూసుకుని మిగతాది వదిలేసినా పర్లేదు.

మా స్కూల్లో వర్డ్, పవర్‌పాయింట్ చెప్తున్నాం, అది కంప్యూటర్ సైన్స్ కాదా?

కాదండీ. పనికొచ్చేదే, మానెయ్యమని ఎవరూ అనట్లేదు, కానీ ఎవరో చేసిపెట్టిన సాఫ్ట్‌వేర్ వాడటం వేరు, అది లోపల ఎలా నడుస్తుందో తెలుసుకుని మనంతట మనం ఒకటి చెయ్యగలగడం వేరు. ఇంగ్లండ్‌లో కూడా చాలాకాలం ఐసీటీ (ఇన్ఫర్మేషన్ అండ్ కమ్యూనికేషన్ టెక్నాలజీ) పేరుతో ఎక్కువగా ఆఫీస్ సాఫ్ట్‌వేర్లే చెప్పేవాళ్ళు, 2014 సెప్టెంబర్ నుంచి దాని బదులు కంప్యూటింగ్ అనే సబ్జెక్ట్ పెట్టారు, అందులో అయిదారేళ్ళ పిల్లలకే అల్గారిథం (ఒక పనిని అడుగడుగునా ఎలా చెయ్యాలో చెప్పే పద్ధతి) అంటే ఏంటి, చిన్న ప్రోగ్రామ్ ఎలా చెయ్యాలి, తేడా వస్తే ఎలా సరిచెయ్యాలి అని మొదలవుతుంది. ఎస్టోనియా 2012లోనే స్కూళ్ళలో ప్రోగ్రామింగ్ నేర్పడానికి దేశవ్యాప్తంగా ఒక పథకం మొదలుపెట్టింది, జపాన్ 2020 నుంచి ప్రైమరీ స్కూళ్ళలో ప్రోగ్రామింగ్ తప్పనిసరి చేసింది.

అలాగని కోడింగ్ ఒక్కటే కంప్యూటర్ సైన్స్ అనుకుంటే అదీ సగమే. ఫోటో మెమరీలో ఎలా ఉంటుంది, మెసేజ్ ఇక్కడ్నుంచి అక్కడికి ఎలా వెళ్తుంది, ఒకే పనికి రెండు పద్ధతులుంటే ఏది ఫాస్ట్, ఎందుకు ఫాస్ట్, ఇవన్నీ అందులోవే.

ఏ వయసులో మొదలుపెట్టాలి? లేటయిపోయిందా?

లేటవ్వడం అంటూ ఏం లేదు. "మీ పాప వెనకబడిపోతుంది" అని భయపెట్టే యాడ్స్ పట్టించుకోకండి. చదవడం ఇంకా సరిగ్గా రాని పిల్లలకి స్క్రాచ్ జూనియర్ అనే ప్రోగ్రామింగ్ యాప్ ఉంది, 2014లో వచ్చింది, 5 నుంచి 7 ఏళ్ళ వాళ్ళకోసం, అన్నీ బొమ్మల గుర్తులే. ఆ పైన స్క్రాచ్, అందులో కోడ్ టైప్ చెయ్యకుండా బ్లాకులు లాగి అతికిస్తే ప్రోగ్రామ్ అవుతుంది, దాన్ని 8 నుంచి 16 ఏళ్ళ వాళ్ళని దృష్టిలో పెట్టుకుని చేశారు. పద్నాలుగేళ్ళకి మొదటిసారి ముట్టుకున్న పిల్లాడు కూడా హాయిగా అందుకుంటాడు, నిజానికి చిన్నోళ్ళకి నెల పట్టేది వాడికి ఒక్కోసారి వారంలో అయిపోతుంది.

కంప్యూటర్లే లేవు, లేదా ఉన్నవి సగం పనిచెయ్యవు, అప్పుడెలా?

ఇది మాకు బాగా ఇష్టమైన ప్రశ్న. న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ యూనివర్సిటీలో టిమ్ బెల్, ఆయనతో పనిచేసినవాళ్ళు సీఎస్ అన్‌ప్లగ్డ్ అని మొదలుపెట్టారు, అంటే కరెంటూ కంప్యూటరూ లేకుండా కంప్యూటర్ సైన్స్ చెప్పడం. మెటీరియల్ ఫ్రీగానే దొరుకుతుంది. మచ్చుకి మూడు చెప్తాం.

బైనరీ (0, 1 అనే రెండంకెలతోనే నంబర్లు రాయడం): అయిదుగురు పిల్లల్ని వరసగా నిలబెట్టి ఒక్కొక్కరికి ఒక అట్టముక్క ఇవ్వండి, వాటి మీద 16, 8, 4, 2, 1 చుక్కలు. అట్ట తిప్పి పట్టుకుంటే సున్నా, చూపిస్తే ఒకటి. ఇప్పుడు 13 చూపించమనండి. 8, 4, 1 పట్టుకున్న ముగ్గురూ చూపిస్తారు, మిగతా ఇద్దరూ తిప్పేస్తారు. 0 నుంచి 31 దాకా ప్రతి నంబరూ వస్తుంది, ఏదీ రెండు రకాలుగా రాదు. ఇంకొకళ్ళు కావాలంటే ఆరో అట్ట మీద ఎన్ని చుక్కలుండాలి అని అడిగితే క్లాసులో ఎవరో ఒకరు 32 అని అరుస్తారు, ఆ అరుపే ఆ పీరియడ్ మొత్తానికీ ఫలితం.

రెండోది మ్యాజిక్ లాగా ఉంటుంది. రెండు రంగుల వైపులున్న అట్టలు 5 వరసలు 5 నిలువులుగా పిల్లల్తో ఇష్టమొచ్చినట్టు పేర్పించండి. "కొంచెం కష్టం చేద్దాం" అని మీరు ఇంకో వరస, ఇంకో నిలువు కలపండి, కానీ ప్రతి వరసలో ప్రతి నిలువులో ఒక రంగు సరిసంఖ్యలో ఉండేలా చూసుకోండి. మీరు అటు తిరిగినప్పుడు పిల్లలు ఒక్క అట్ట తిప్పుతారు. మీరు చూసి, సరిసంఖ్య చెడిన వరస ఏదో, నిలువు ఏదో పట్టుకుని అవి కలిసేచోట వేలు పెడతారు. గోల గోల అయిపోతుంది క్లాసు. తర్వాత చెప్పండి, డేటా పంపేటప్పుడు దార్లో ఒక బిట్ (ఒక 0 లేదా 1) పాడైతే కనిపెట్టడానికి వాడే పద్ధతుల్లో ఇదొకటి, పేరు ప్యారిటీ అని.

మూడోది అందరికీ తెలిసిన ఆటే, 1 నుంచి 1000 లోపు నంబర్ అనుకో, పెద్దదా చిన్నదా అని మాత్రమే చెప్పు. ప్రతిసారీ మధ్యలోది అడిగితే 10 సార్లకి మించి పట్టదు, ఎందుకంటే 2ని పదిసార్లు హెచ్చిస్తే 1024. పది లక్షల లోపు నంబరైతే ఎన్ని సార్లు? 20 చాలు. ఈ 20 వినగానే పిల్లల మొహాలు చూడాలి.

స్క్రాచ్ అంటే స్క్రీన్ మీద పిల్లి బొమ్మతో ఆడుకోవడం కదా, అది నిజమైన ప్రోగ్రామింగేనా?

నిజమైనదే. 2007లో ఎంఐటీ మీడియా ల్యాబ్ బయటికి తెచ్చింది, అందులో లూప్ (ఒకే పని మళ్ళీ మళ్ళీ చేయించడం) ఉంది, కండిషన్ (ఇలా అయితే అలా చెయ్యి అనడం) ఉంది, వేరియబుల్ (విలువని దాచిపెట్టే పేరు) ఉంది, లిస్ట్ ఉంది, ఒకేసారి రెండు బొమ్మలు వేర్వేరు పనులు చేసుకుంటాయి, ఒకటి ఇంకోదానికి మెసేజ్ పంపుతుంది. సెమీకోలన్ మర్చిపోయాననే ఏడుపు ఉండదు, అంతే తేడా. ఇబ్బంది ఎక్కడంటే బొమ్మ రంగు మార్చడానికీ డ్రెస్ వెయ్యడానికీ నలభై నిమిషాలు పోతాయి, పిల్లలు హ్యాపీ, పీరియడ్ అయిపోతుంది, ప్రోగ్రామ్ మాత్రం ఒక్క బ్లాక్ కూడా ముందుకెళ్ళదు. అందుకే పీరియడ్ మొదట్లోనే బొమ్మలు ఫిక్స్ చేసేసి "ఇవ్వాళ ఇవే" అనడం మంచిది.

స్క్రాచ్ నుంచి పైథాన్‌కి ఎప్పుడు మార్చాలి?

పైథాన్ అంటే కోడ్ టైప్ చేసి రాసే లాంగ్వేజ్, దానికి మార్చేది వయసు చూసి కాదు. పిల్లలు "స్కోర్ పది దాటితే లెవెల్ మారాలి" లాంటిది ఎవరి సాయమూ లేకుండా బ్లాకుల్లో కట్టగలిగితే, బ్లాకులు లాగీ లాగీ వాళ్ళకే విసుగొస్తుంటే, అప్పుడు మార్చండి. టైపింగ్ మరీ స్లోగా ఉంటే కాస్త ఆగండి, లేకపోతే బుర్ర మొత్తం కీబోర్డు మీదే ఉంటుంది.

పైథానా, జావానా, జావాస్క్రిప్టా?

మీ టీచర్‌కి ఏది వస్తే అది. ఏదీ రాకపోతే పైథాన్. దీనిమీద గంటలు గంటలు వాదించుకోవడం టైమ్ వేస్ట్.

పిల్లలు బోర్డు మీద కోడ్ చూసి దించేస్తున్నారు, రన్ కూడా అవుతుంది, కానీ ఒక్క లైన్ మార్చమంటే బిత్తరచూపులు చూస్తారు. ఏం చెయ్యాలి?

ఈ పేజీలో ఒక్క ప్రశ్నే చదివే టైముంటే ఇది చదవండి. చాలా క్లాసుల్లో పిల్లల్తో మొదటి రోజు నుంచే కోడ్ రాయిస్తారు, చదివించరు. దాంతో అర్థం తెలీని శ్లోకం అప్పజెప్పినట్టు తయారవుతుంది వ్యవహారం. ముందు చదవాలి, ఏం జరుగుతుందో చెప్పాలి, ఆ తర్వాతే రాయాలి.

దీనికి ప్రిమ్ అని ఒక పద్ధతి ఉంది, సూ సెంటెన్స్ అనే పరిశోధకురాలు, ఆవిడతో పనిచేసినవాళ్ళు తయారుచేశారు. అయిదు మెట్లు: ఊహించడం, రన్ చెయ్యడం, గుచ్చి గుచ్చి అడిగి తెలుసుకోవడం, మార్చడం, చివరికి సొంతంగా చెయ్యడం. ఉదాహరణకి యూజర్‌ని రెండు నంబర్లు అడిగి, వాటిని ప్లస్‌తో కలిపి చూపించే నాలుగు లైన్ల పైథాన్ ప్రోగ్రామ్ స్క్రీన్ మీద పెట్టండి. రన్ చెయ్యకండి. 5, 5 ఇస్తే ఏమొస్తుందో ప్రతి ఒక్కరూ నోట్‌బుక్‌లో రాయాలి, రాయకుండా మనసులో అనుకుంటే కుదరదు, ఎందుకంటే తర్వాత అందరూ "నేనూ అదే అనుకున్నా" అంటారు. క్లాసంతా 10 అని రాస్తుంది. రన్ చేస్తే 55 వస్తుంది.

ఇక అక్కడ్నుంచి మీరు లెక్చర్ ఇవ్వక్కర్లేదు, వాళ్ళే అడుగుతారు. ఇన్‌పుట్‌లో వచ్చింది ఏదైనా పైథాన్ దాన్ని టెక్స్ట్ కిందే తీసుకుంటుంది, టెక్స్ట్‌కి టెక్స్ట్ కలిపితే పక్కపక్కన అతుక్కుంటాయి, నంబర్ కావాలంటే మార్చుకోవాలి. ఇదే విషయం ముందే థియరీగా చెప్తే ఎవరికీ గుర్తుండదు, 10 అని రాసి 55 చూసినోడు మాత్రం ఓ పట్టాన మర్చిపోడు. ఆ తర్వాత మూడు నంబర్లకి మార్చు, కూడిక బదులు తీసివేత పెట్టు, తీసివేత పెడితే ఎర్రర్ ఎందుకొచ్చింది, అలా సాగుతుంది. సొంతంగా చెయ్యడం దీని తర్వాత.

ఎర్రర్ రాగానే చెయ్యెత్తేస్తారు, ఒక్కడినే, ముప్పై మంది దగ్గరికి ఎలా పరిగెత్తను?

పరిగెత్తకండి. ముందు ఎర్రర్ మెసేజ్ పైకి చదవమనండి, చాలామంది అసలు చదవరు, ఎర్ర అక్షరాలు కనపడగానే భయపడిపోతారు. పైథాన్ లైన్ నంబర్ చెప్తుంది, అక్కడ చూడమనండి, అక్కడ ఏమీ కనపడకపోతే ఆ పైన లైన్ చూడమనండి. పాత వెర్షన్లలో బ్రాకెట్ మూయడం మర్చిపోతే తప్పు కింది లైన్లో ఉన్నట్టు చూపించేది, పిల్లలు బాగున్న లైన్‌ని పట్టుకుని చెడగొట్టేవాళ్ళు. 2021లో వచ్చిన 3.10 నుంచి బ్రాకెట్ మూయలేదని నేరుగానే చెప్తుంది, కాబట్టి ల్యాబ్‌లో పాతది ఉంటే అప్‌డేట్ చేయించండి, మీ కాళ్ళకి కాస్త విశ్రాంతి.

అసలు కష్టం ఎర్రర్ రాని తప్పులతో. రన్ అవుతుంది, జవాబు తప్పొస్తుంది. దానికి కాగితం మీద టేబుల్ గీసి ప్రతి లైన్ తర్వాత ఏ వేరియబుల్‌లో ఏముందో రాయించాలి. పిల్లలు సణుగుతారు, సణగనివ్వండి. అప్పుడప్పుడూ మీరే కావాలని తప్పులు పెట్టిన ప్రోగ్రామ్ ఇచ్చి వెతకమనండి, సొంత తప్పు వెతకడం కంటే సార్ పెట్టిన తప్పు వెతకడం వాళ్ళకి మహా సరదా. ఒక్క రిక్వెస్ట్, వాళ్ళ చేతిలో మౌస్ లాక్కుని మీరు సరిచెయ్యకండి. ఎంత తొందరగా ఉన్నా సరే.

నాకే కోడింగ్ రాదండీ, వేరే సబ్జెక్ట్ టీచర్‌ని, నా నెత్తిన పడేశారు. ఎలా?

చాలా దేశాల్లో ఇదే పరిస్థితి, మీరొక్కరే కాదు. అన్నీ తెలిసుండక్కర్లేదు గానీ మీరు క్లాసులో ఇచ్చే ప్రోగ్రామ్ ముందురోజు మీరే చేసి, దాన్ని నాలుగు రకాలుగా చెడగొట్టి చూసుండాలి. అలా చేస్తే పిల్లలు అడిగే వాటిలో చాలావరకు మీకు ముందే ఎదురైపోయుంటాయి.

తెలీని ప్రశ్న వస్తే? వస్తుంది. 0.1కి 0.2 కలిపితే పైథాన్ 0.30000000000000004 చూపిస్తుంది, ఎవడో ఒకడు దీన్ని కనిపెట్టి పట్టుకొస్తాడు. తెలీకపోతే "నాకూ తెలీదు, రేపటికి ఇద్దరం చూసుకుని వద్దాం" అనండి. (జవాబు: కంప్యూటర్ అన్నీ బైనరీలో దాస్తుంది, మనకి మూడో వంతు దశాంశాల్లో 0.333 అని తెగకుండా సాగినట్టే పదో వంతు బైనరీలో తెగదు, ఎక్కడో ఒకచోట కట్ చెయ్యాలి.) పైపైన కవర్ చేస్తే మాత్రం పిల్లలు ఇట్టే పసిగడతారు.

ఒక్కో కంప్యూటర్‌కి ముగ్గురు కూర్చుంటున్నారు, ఒకడే ఆడుతుంటాడు. పరిష్కారం?

ముగ్గురు ఎక్కువే, ఇద్దరైతే నిజానికి మంచిది. ఒకరు డ్రైవర్, కీబోర్డ్ వాళ్ళది, ఇంకొకరు నావిగేటర్, ఏం టైప్ చెయ్యాలో చెప్పేది వాళ్ళు, కీబోర్డ్ ముట్టుకోకూడదు. కంపెనీల్లో కూడా ఇలా జంటగా కోడ్ రాసేవాళ్ళున్నారు. ఏడెనిమిది నిమిషాలకోసారి మీరు గంట కొట్టి మార్పించాలి, "మీరే మార్చుకోండి" అంటే ఎవరూ మార్చుకోరు. మూడోవాళ్ళుంటే పైన చెప్పిన టేబుల్ కాగితం వాళ్ళ చేతికివ్వండి.

ఆడపిల్లలు మొదట్లో బాగానే వచ్చి తర్వాత ఎందుకు మానేస్తున్నారు?

గోడ మీద అడా లవ్‌లేస్ పోస్టర్ పెట్టి ఊరుకుంటే సరిపోదు. అలాగని ఆ చరిత్ర చెప్పొద్దని కాదు, 1843లో ఆవిడ రాసిన నోట్స్‌లో ఒక యంత్రానికి లెక్క ఎలా అప్పజెప్పాలో అడుగడుగునా ఉంది, ఎనియాక్ అనే తొలితరం కంప్యూటర్‌కి ప్రోగ్రామింగ్ చేసిన ఆరుగురూ ఆడవాళ్ళే, గ్రేస్ హాపర్ 1952 నాటికే కంపైలర్ (మనం రాసిన ప్రోగ్రామ్‌ని యంత్రం భాషలోకి మార్చేది) మీద పనిచేసింది. చెప్పండి. కానీ క్లాసులో కీబోర్డ్ ఎవరి దగ్గరుంది, డౌట్ అడిగితే ఎవరు నవ్వుతున్నారు, ఎప్పుడూ గేమ్ ప్రాజెక్టులే ఇస్తున్నారా, ఇవి చూడాలి. ఇంట్లో ముందే కంప్యూటర్ వాడిన నలుగురు అబ్బాయిలు మొదటి రోజే ఫటాఫట్ చేసేసి జవాబులు అరిచేస్తుంటే, మిగతావాళ్ళు "ఇది మనకి రాదు" అని డిసైడైపోతారు. వాళ్ళకొచ్చింది తెలివి కాదు, ముందుగా దొరికిన టైము. చెయ్యెత్తినోళ్ళనే కాకుండా ఎత్తనివాళ్ళని కూడా అడగండి, జవాబు అరిచేవాళ్ళకి విడిగా కష్టమైన పని ఇచ్చి కూర్చోబెట్టండి.

లెక్కల్లో వీకైన పిల్లలు చెయ్యగలరా?

చెయ్యగలరు, కొన్నిసార్లు లెక్కలు ఇక్కడే అర్థమవుతాయి. 1967లో సేమర్ పేపర్ట్, వాలీ ఫోయర్‌జైగ్, సింథియా సాలమన్ వాళ్ళు లోగో అనే లాంగ్వేజ్ చేశారు, అందులో తర్వాత వచ్చిన తాబేలు ఇప్పటికీ బతికే ఉంది, పైథాన్‌తో పాటే టర్టిల్ అని వస్తుంది. 100 ముందుకెళ్ళు, 90 డిగ్రీలు తిరుగు, నాలుగుసార్లు చెయ్యి అంటే చతురస్రం వస్తుంది. మరి సమబాహు త్రిభుజం? పుస్తకంలో కోణం 60 అని ఉంటుంది కాబట్టి పిల్లలు 60 పెడతారు. త్రిభుజం రాదు, సగం షడ్భుజి వచ్చి ఆగిపోతుంది. కావాల్సింది 120, ఎందుకంటే తాబేలు తిరిగేది బయటి కోణం. లేచి నిలబడి గచ్చు మీద నడిచి చూడమంటే నిమిషంలో పట్టేస్తారు.

ఇంగ్లిష్ సరిగ్గా రాకపోతే కోడింగ్ కష్టమా?

మొదట్లో కొంచెం. పైథాన్‌లో కీవర్డులు, అంటే ముందే అర్థం ఖాయమైన ఇంగ్లిష్ మాటలు, ముప్పై అయిదు దాకా ఉంటాయి, స్కూల్లో వాడేది అందులో సగం కూడా ఉండదు, కాబట్టి అది పెద్ద గోడ కాదు. వేరియబుల్ పేర్లు తెలుగులోనే పెట్టొచ్చు, మార్కులు, మొత్తం అని రాస్తే పైథాన్ 3 ఏమీ అనదు. ఒక్క చిక్కుంది, పొల్లు తర్వాత అక్షరం అతుక్కోకుండా కొన్ని కీబోర్డులు కంటికి కనపడని క్యారెక్టర్ ఒకటి పెడతాయి, అది పేరులో దూరితే మాత్రం ఎర్రర్.

తెలుగు వాడితే ఇంకో లాభం, ఇంగ్లిష్‌లో అస్సలు బయటపడని విషయాలు బయటపడతాయి. తెలుగు అనే మాటకి పొడవెంత అని పైథాన్‌ని అడగండి, 3 అనదు, 6 అంటుంది, ఎందుకంటే త ఒకటి, ఎత్వం ఒకటి, ల, కొమ్ము, గ, కొమ్ము. అలాగే అటు నుంచి చదివినా ఇటు నుంచి చదివినా ఒకేలా ఉండే మాట కనిపెట్టే ప్రోగ్రామ్ ప్రతి సిలబస్‌లో ఉంటుంది కదా, దానికి వికటకవి ఇవ్వండి. కాదు పొమ్మంటుంది! తిరగేసినప్పుడు గుడి విడిగా ముందుకొచ్చేస్తుంది, వ దాని వెనకపడుతుంది. మరి సరిగ్గా రావాలంటే ఏం చెయ్యాలి, గుణింతం గుర్తుల్ని ముందు అక్షరంతో కట్టేసి అప్పుడు తిప్పాలి, ఇది పై తరగతి పిల్లలకి రెండు వారాల మంచి ప్రాజెక్ట్. యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకీ కంప్యూటర్లో ఒక్కో నంబరిచ్చే పద్ధతి) గురించి వేరే పాఠం అక్కర్లేదు ఇక.

ఏఐ అడిగితే కోడ్ రాసిచ్చేస్తుంది, ఇంక పిల్లలకి ఇదంతా ఎందుకు?

రాసిస్తుంది, నిజమే, స్కూల్ హోమ్‌వర్క్ లాంటివి చాలావరకు బాగానే రాసిస్తుంది. అందుకే "ప్రోగ్రామ్ రాసి తీసుకురా" అనే హోమ్‌వర్క్‌కి ఇప్పుడు విలువ లేదు. కానీ అది ఇచ్చింది సరైనదో కాదో ఎవరు చెప్తారు? మార్కుల లిస్టుకి సగటు కనుక్కోమంటే చక్కగా మొత్తాన్ని సంఖ్యతో భాగించి ఇచ్చిందనుకోండి, లిస్టు ఖాళీగా ఉంటే సున్నాతో భాగించాల్సొచ్చి ప్రోగ్రామ్ కూలిపోతుంది. ఆ ఖాళీ లిస్టు సంగతి తట్టాలంటే కోడ్ చదవడం రావాలి, ఎక్కడ విరుగుతుందో అనుమానించడం రావాలి. కాబట్టి మొదటి ఏడాది ఏఐ లేకుండా చెప్పి, ఆ తర్వాత ఏఐ ఇచ్చిన కోడ్‌ని క్లాసులో పెట్టి "దీన్ని పడగొట్టే ఇన్‌పుట్ చెప్పండి" అని పోటీ పెడితే బాగుంటుందనేది మా అభిప్రాయం. మొదటి నెల నుంచే దానికి అలవాటు పడితే మాత్రం పైన చెప్పిన బోర్డు చూసి దించుడే ఇంకో రూపంలో వస్తుంది.

మార్కులు ఎలా వెయ్యాలి?

రన్ అయితే 10, అవ్వకపోతే 0 అనేది అన్యాయం. పిల్లాడిని పక్కన కూర్చోబెట్టుకుని "ఈ లైన్ తీసేస్తే ఏమవుతుంది" అని రెండు నిమిషాలు అడిగితే తెలిసిపోతుంది, రాసింది వాడా కాదా అని కూడా. అందరినీ అలా అడిగే టైమ్ లేకపోతే పార్సన్స్ ప్రాబ్లమ్స్ వాడండి: సరైన ప్రోగ్రామ్ లైన్లని ముక్కలుగా కత్తిరించి, కలిపేసి, ఒకటో రెండో అక్కర్లేని లైన్లు కూడా అందులో వేసి, వరసలో పెట్టమనడం. కాగితం మీద అయిపోతుంది, దిద్దడం తేలిక. కోడ్ లేకుండా ఆలోచన మాత్రమే చూడాలంటే బెబ్రాస్ పోటీ ప్రశ్నలున్నాయి, లిథువేనియాలో 2004లో మొదలై చాలా దేశాలకి పాకింది, కంప్యూటర్ నాలెడ్జ్ ముందుగా ఏమీ అక్కర్లేదు.

మైక్రోబిట్, రోబోట్ కిట్లు కొనాలా?

డబ్బులుంటే కొనండి, లేకపోతే ఏమీ ఆగిపోదు. మైక్రోబిట్ మంచిదే, 2016లో బీబీసీ వాళ్ళు బ్రిటన్‌లో 11, 12 ఏళ్ళ పిల్లలకి ఫ్రీగా ఇచ్చారు, మొత్తం పది లక్షల దాకా పంచారు, అరచేతిలో పట్టేంత బోర్డు, 25 చిన్న ఎల్‌ఈడీ లైట్లు, రెండు బటన్లు, ఊపితే కనిపెట్టే సెన్సర్. బోర్డు లేకపోయినా బ్రౌజర్‌లో దాని సిమ్యులేటర్ (స్క్రీన్ మీద అచ్చం బోర్డులా పనిచేసే నకలు) ఫ్రీగా వాడుకోవచ్చు. ఖరీదైన రోబోట్ ఒకటి కొని అద్దాల బీరువాలో పెట్టే స్కూళ్ళే ఎక్కువ, ఆ డబ్బుతో పాత ల్యాబ్‌కి నాలుగు మంచి కీబోర్డులు వస్తాయి.

వారానికి ఎన్ని పీరియడ్లు?

ఒకటైనా సరే గానీ ఏడాదంతా ఉండాలి. వీలైతే రెండు పక్కపక్కన, ఎందుకంటే సిస్టమ్స్ ఆన్ చేసి అందరూ లాగిన్ అయ్యేసరికే పావుగంట పోతుంది.

పిల్లల అకౌంట్లు, సేఫ్టీ సంగతి?

స్క్రాచ్ వెబ్‌సైట్లో ఎవరైనా ప్రాజెక్టులు పెడతారు, కామెంట్లు ఉంటాయి, కాబట్టి అసలు పేరు, స్కూల్ పేరు, ఫోటో యూజర్‌నేమ్‌లో గానీ ప్రాజెక్టులో గానీ పెట్టకూడదని మొదటి రోజే చెప్పండి. టీచర్ అకౌంట్ తీసుకుంటే క్లాసు పిల్లల అకౌంట్లు మీరే క్రియేట్ చెయ్యొచ్చు, పాస్‌వర్డ్ మర్చిపోతే మీరే మార్చిపెట్టొచ్చు, అది ప్రతి క్లాసులో ఇద్దరు ముగ్గురు మర్చిపోతారు. నెట్ వద్దనుకుంటే స్క్రాచ్ ఆఫ్‌లైన్ యాప్ ఇన్‌స్టాల్ చేసుకోండి, అకౌంట్ అవసరమే లేదు, ఫైల్ పెన్‌డ్రైవ్‌లో సేవ్ చేసుకుంటే చాలు.